సెల్మా వంతెనకు 60 ఏళ్లు: పిల్లలకు ఏ రోజు గురించి చెప్పాలి?

నదిఒడ్డు (అట్లాంటా)

సభ్యులందరికీ నమస్కారం. మొన్న ఆదివారం, 2025 మార్చి 9న, మా కుటుంబమంతా అలబామాలోని సెల్మా వెళ్లి, ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద నడిచి వచ్చాము. ఓటు హక్కు కోసం రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీకి బయలుదేరిన నల్లజాతీయులను 1965 మార్చి 7న ఆ వంతెన దాటగానే పోలీసులు చితకబాదారు. ఆ రోజును అక్కడివారు ఇప్పటికీ 'నెత్తుటి ఆదివారం' అంటారు. ఏటా మార్చి తొలి వారాల్లో జనం అదే దారిన నడుస్తారు. ఈసారి 60 ఏళ్లు నిండడంతో వేలాది మంది వచ్చారు.

ఆ వంతెనను ఫోటోల్లో ఎన్నోసార్లు చూశాను గానీ, దాని మీద నడిస్తే తప్ప తెలియని సంగతి ఒకటి ఉంది. వంతెన నడుమ ఎత్తుగా ఉంటుంది. ఊరి వైపు నుంచి ఎక్కుతున్నంతసేపూ ముందు ఆకాశమే తప్ప అవతలి ఒడ్డు కనబడదు. సరిగ్గా నడిమికి వచ్చాక రోడ్డంతా ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆ రోజు దాదాపు 600 మంది ఇద్దరిద్దరుగా జతకట్టి, మాట్లాడకుండా ఎక్కి వచ్చి, ఆ నడిమి నుంచే కింద బారులు తీరిన పోలీసులను చూశారు. ముందు వరుసలో 25 ఏళ్ల జాన్ లూయిస్, ఆయన పక్కన హోసియా విలియమ్స్ ఉన్నారు. జైల్లో పెడతారనే అనుకున్న లూయిస్ వీపు సంచిలో రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, పళ్లు తోముకునే బ్రష్షు, పేస్టు పెట్టుకుని వచ్చాడు. రెండు నిమిషాల్లో వెనుదిరగాలని పోలీసు అధికారి హెచ్చరించాడు. ఆ గడువైనా ముగియకముందే లాఠీలు, బాష్పవాయువు, గుర్రాలు జనం మీదికి వచ్చిపడ్డాయి. లూయిస్ పుర్రె చిట్లింది. అమీలియా బాయ్‌న్టన్ అనే పెద్దావిడ స్పృహ తప్పి రోడ్డు పక్కన పడిపోయిన ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ రాత్రి ఒక టీవీ సంస్థ నాజీల యుద్ధ నేరాల విచారణ మీద తీసిన సినిమాను మధ్యలో ఆపి ఈ దృశ్యాలను ప్రసారం చేసింది.

వంతెన దిగాక చక్రాల కుర్చీలో ఉన్న ఒక వృద్ధురాలికి మా అమ్మాయి మంచినీళ్లు ఇచ్చింది. ఆ రోజు ఆవిడ కూడా నడిచిందట, అప్పటికి బడి పిల్ల. మా అమ్మాయి చేయి పట్టుకుని, 'నీకు ఓటు ఎప్పుడు వస్తుంది?' అని ఒక్క ప్రశ్న అడిగింది. 'ఇంకా ఏడేళ్లకు' అని మా అమ్మాయి చెప్పింది. ఆవిడ తల ఊపి, చాలాసేపు చేయి వదలలేదు.

ఏప్రిల్ నెలలో మా తెలుగు బడి పిల్లలకు ఈ విషయం మీద ఒక సాయంత్రం సభ పెట్టాలనుకుంటున్నాను. వంతెన కథ ఒక్కటే చెబితే సరిపోతుందా, ఇంకా ఏమేమి చెప్పాలి అన్నది పెద్దలు సూచించగలరని మనవి.

పాతపలక (గుంటూరు)

అయ్యా, మీ ఉత్తరం చదివి సంతోషించాను. నేను ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను కాబట్టి నా మనసు పంతుళ్ల వైపే మొగ్గుతుంది. నన్నడిగితే మార్చి 7 కంటే ముందు జనవరి 22 గురించి చెప్పండి.

1965 జనవరి 22న సెల్మాలోని నల్లజాతి ఉపాధ్యాయులు వంద మందికి పైగా, బడి ముగిశాక, శుభ్రమైన దుస్తులు వేసుకుని, ఓటరు నమోదు జరిగే కోర్టు భవనం వరకు నడిచారు. ముందు నడిచిన ఫ్రెడరిక్ రీస్ స్వయంగా ఉపాధ్యాయుడు, ఊరి ఓటర్ల సంఘానికి అధ్యక్షుడు. వాళ్ల ఉద్యోగాలు శ్వేతజాతీయుల పాలక మండలి చేతుల్లో ఉన్నాయి. ఒక్క సంతకంతో జీతం పోతుంది. అయినా నడిచారు. జైలుకు సిద్ధమని చెప్పడానికి పళ్లు తోముకునే బ్రష్షులు వెంట తెచ్చుకుని, పైకెత్తి చూపించారు. కోర్టు మెట్ల మీద షెరీఫ్ (అక్కడి పోలీసు పెద్ద) జిమ్ క్లార్క్, అతని మనుషులు వాళ్లను లాఠీలతో వెనక్కి నెట్టారు. వాళ్లు మళ్లీ ఎక్కారు, మళ్లీ నెట్టారు.

ఆ ఊళ్లో నల్లజాతివారిలో నెలజీతం, చదువు, పరువు ఉన్న వర్గం ఏదైనా ఉంటే అది పంతుళ్లదే. అంతవరకు ఉద్యమంలోకి రాకుండా ఉన్నదీ ఆ వర్గమే. తమ పంతుళ్లు లాఠీకి ఎదురు నిలవడం కళ్లారా చూశాక పిల్లలకు ఇక ఎవరూ ధైర్యం నూరిపోయనక్కరలేదు. నిన్నటిదాకా తెల్లదొర ముందు తల వంచుకుని నిలబడిన మనిషి తలెత్తి మెట్లెక్కడం పిల్లవాడి కంటికి ఎంత పెద్ద సంగతో బడిలో పనిచేసినవాడికి తెలుస్తుంది. మీరు జాన్ లూయిస్ సంచి గురించి రాశారు. అందులోని బ్రష్షుకు ఈ పంతుళ్లు దారి చూపారని నేను అనడం లేదు గానీ, పిల్లలకు ఆ రెండింటినీ కలిపి చూపించండి.

కోర్టుమెట్లు (హైదరాబాద్)

పంతులుగారి మాటతో ఏకీభవిస్తూ, వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి ఒక విషయం వివరంగా చెప్పదలచాను. లాఠీ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి గుర్తుంటుంది. అసలు ఓటును దోచుకున్నది మాత్రం లాఠీ కాదు, నమోదు కార్యాలయంలోని బల్ల.

నల్లజాతివారికి ఓటు లేదని అలబామాలో ఏ చట్టమూ చెప్పలేదు. 1870లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన 15వ సవరణ అలా చెప్పనివ్వదు కూడా. అందుకని దొడ్డిదారులు వెతికారు. సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఓటరు నమోదు కార్యాలయం నెలకు రెండు రోజులే, మొదటి, మూడో సోమవారాల్లోనే తెరిచేవారు. ఉదయం పనికి పోవలసిన కూలీ మనిషి ఆ సోమవారం కూలి వదులుకోవాలి. పొడవాటి దరఖాస్తు నింపాలి. రాజ్యాంగంలోని భాగాలు చదివి, రాసి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. జవాబు సరైనదో కాదో తేల్చేది ఆ బల్ల వెనక కూర్చున్న అధికారి ఒక్కడే, అతని మాటకు తిరుగులేదు. ఒక అక్షరం మీద గీత పెట్టకపోయినా దరఖాస్తు చెల్లదనేవారు. వీటన్నిటికీ తోడు, అప్పటికే ఓటరుగా ఉన్న ఒకరు వచ్చి పూచీ ఇవ్వాలి. నల్లజాతి ఓటర్లే దాదాపు లేని చోట ఆ పూచీ ఇచ్చేదెవరు? ఓటు వయసు వచ్చిన నల్లజాతీయులు సుమారు 15,000 మంది ఉన్న ఆ కౌంటీలో 1960ల తొలినాళ్లలో నమోదైనవారు రెండు వందలకు మించలేదు. పక్కనున్న లౌండ్స్ కౌంటీలో జనాభాలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నల్లజాతివారే అయినా, 1965 మొదట్లో వారిలో ఒక్కరి పేరు కూడా జాబితాలో లేదు.

1963 అక్టోబరు 7 కూడా సోమవారమే. ఆ రోజు దాదాపు 350 మంది కోర్టు చుట్టూ వరుసలో నిలబడ్డారు. వరుస వదిలితే మళ్లీ రానివ్వరు కాబట్టి ఎండలో గంటల తరబడి తిండీ నీళ్లూ లేకుండా, కాలకృత్యాలకైనా కదలకుండా ఉన్నారు. వాళ్లకు నీళ్లు, రొట్టెలు అందించబోయిన యువకులను పోలీసులు కొట్టి అరెస్టు చేశారు. సాయంత్రానికి లోపలికి వెళ్లగలిగినవారు కొద్దిమందే. ఆనీ లీ కూపర్ అనే ఆవిడ ఆ ఏడాది నమోదుకు నిలబడినందుకు తన ఉద్యోగం పోగొట్టుకుంది. 1965 జనవరిలో మళ్లీ అదే వరుసలో నిలబడి ఉండగా షెరీఫ్ ఆమెను పొడిచి నెట్టాడు. ఆవిడ తిరిగి ఒక్క దెబ్బ కొట్టింది. అహింసా ఉద్యమం కదా అని ఈ సంగతి దాచవద్దని నా మనవి.

మంజీర_చదువరి (సంగారెడ్డి)

నేను డిగ్రీ విద్యార్థినిని. తెలియక అడుగుతున్నాను. నమోదు సెల్మాలోనే జరగాల్సినప్పుడు, 54 మైళ్ల దూరంలో ఉన్న మాంట్‌గోమరీకి నడవాలని ఎందుకు అనుకున్నారు?

నదిఒడ్డు

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆ నడక ఒక చావు నుంచి పుట్టింది. ఫిబ్రవరి 18 రాత్రి పక్క ఊరు మారియన్‌లో చర్చి నుంచి బయటికి వచ్చిన జనం మీద పోలీసులు విరుచుకుపడ్డారు. జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ల యువకుడు, దెబ్బలు తిన్న 82 ఏళ్ల తాతను వెంటపెట్టుకుని ఒక హోటల్లోకి పరుగెత్తాడు. అక్కడ తల్లిని కొడుతుంటే అడ్డుపడ్డాడు. రాష్ట్ర పోలీసు ఒకడు అతని పొట్టలో కాల్చాడు. ఎనిమిది రోజుల తర్వాత చనిపోయాడు. శవాన్నే మోసుకెళ్లి గవర్నర్ జార్జ్ వాలెస్ కార్యాలయం మెట్ల మీద పెట్టాలన్నంత ఆవేశంలో ఉన్న జనానికి, ఆ దుఃఖాన్ని కాళ్లకు అప్పగించే దారిగా ఈ పాదయాత్ర తోచింది. ఆ పోలీసు 2010లో గానీ నేరం ఒప్పుకోలేదు. పడిన శిక్ష ఆరు నెలలు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

ఒక విషయం అందరికీ గుర్తుచేయాలి. ఇదంతా మన గాంధీగారి ఉప్పు సత్యాగ్రహం నుంచి నేర్చుకున్నదే. దండి యాత్ర లేకపోతే సెల్మా యాత్ర లేదు. తెలుగు పిల్లలకు చెప్పేటప్పుడు ముందుగా ఇదే చెప్పాలని నా అభిప్రాయం.

పాతపలక

గోదారిగట్టు గారూ, సంబంధం ఉన్న మాట నిజం. అయితే దానిని ఉన్నంతవరకే చెబుదాము. జేమ్స్ లాసన్ అనే యువ పాదిరి 1953 నుంచి దాదాపు మూడేళ్లు మన నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీ మార్గాన్ని అధ్యయనం చేశారు. అమెరికాకు తిరిగి వెళ్లి నాష్‌విల్‌లో విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. ఆ విద్యార్థుల్లో ఒకరు జాన్ లూయిస్. ఆ శిక్షణ ఎలా ఉండేదంటే, ఒకరు తిడుతూ, కొడుతూ, తోస్తూ ఉంటే, ఎదుటివారు చేయెత్తకుండా, తలను మోచేతులతో కాచుకుని, కొట్టేవాడి కళ్లలోకి చూస్తూ ఉండడం సాధన చేసేవారు. వంతెన మీద చూపిన ఓర్పు ఒక్క రోజులో వచ్చింది కాదు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా 1959లో మన దేశానికి వచ్చి దాదాపు నెల రోజులు తిరిగారు.

ఇంతవరకు సబబే. కానీ, ఆ జనాన్ని వంతెన దాకా నడిపించినది వాళ్ల చర్చి, వాళ్ల పాట, తరతరాల బానిసత్వపు గాయం. బ్రౌన్ ఛాపెల్ చర్చి లేకుండా సెల్మా ఉద్యమాన్ని ఊహించలేము. దెబ్బలు తిన్నవాళ్లు ఆ సాయంత్రం తిరిగి చేరుకున్నదీ అక్కడికే. వారి ఘనతను మన ఖాతాలో రాసుకోవడం న్యాయం కాదు.

తొలిపొద్దు (విజయవాడ)

పంతులుగారి మాటకు ఒక చేర్పు. భారతదేశంతో సంబంధం చెప్పాలనుకుంటే అంబేద్కర్ పేరు లేకుండా చెప్పకండి. వయోజనులందరికీ ఓటు కావాలని ఆయన 1928లోనే సైమన్ కమిషన్ ముందు అడిగారు. చదువు లేనివాడికి ఓటు ఎందుకనే వాదానికి ఆయన అప్పుడే జవాబు చెప్పారు. అమెరికా నల్లజాతి మేధావి డు బాయ్స్‌కు 1946లో ఉత్తరం రాస్తూ, ఇక్కడి అంటరానివారి స్థితికీ అక్కడి నల్లజాతివారి స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. సెల్మాలో అక్షరాస్యత పరీక్ష పేరుతో జరిగిన మోసాన్ని అర్థం చేసుకోవడానికి మనకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మా అమ్మమ్మది నల్లగొండ జిల్లా. నిజాం రాజ్యం పోయాక 1952లో మొదటిసారి ఓటు వేసింది. ఆవిడకు సంతకం రాదు. అప్పట్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. పెట్టె మీద అంటించిన గుర్తు చూసి కాగితం అందులో వేయాలి. తెరచాటుకు వెళ్లి, పెట్టెలన్నిటినీ చేత్తో తడిమి, తనకు కావలసిన గుర్తున్న పెట్టెలో వేశానని ఆవిడ చనిపోయేదాకా చెప్పేది. 'ఎవ్వలూ అడగలే బిడ్డా, నీకు సదువొచ్చా అని' అనేది. నల్లగొండలో నిశానీ మనిషి ఓటు వేసిన పదమూడేళ్ల తర్వాత కూడా, సెల్మాలో పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మను చదువు రాదన్న నెపంతో బయటికి పంపారు. నాకు మాటలు రావడం లేదు.

కోర్టుమెట్లు

తొలిపొద్దు గారూ, మీ అమ్మమ్మగారి మాటను ఆ సభలో చదివి వినిపించాలి.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. మార్చి 9న కింగ్ నాయకత్వంలో రెండోసారి వంతెన దాకా వెళ్లి, కోర్టు నిషేధం ఉన్నందున ప్రార్థన చేసి వెనుదిరిగారు. ఆ రాత్రే బోస్టన్ నుంచి వచ్చిన జేమ్స్ రీబ్ అనే శ్వేతజాతి పాదిరిని కొందరు కొట్టారు, రెండు రోజులకు ఆయన మరణించారు. మార్చి 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉభయ సభల ముందుకు వచ్చి కొత్త చట్టం కావాలని అడిగారు. మార్చి 17న ఫెడరల్ (కేంద్ర) న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ యాత్రకు అనుమతిచ్చారు. ఆగస్టు 6న ఓటింగ్ హక్కుల చట్టం మీద సంతకం అయింది.

ఆ చట్టంలోని నిజమైన బలం 5వ సెక్షన్. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు, కౌంటీలు ఎన్నికల నియమాల్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి గానీ వాషింగ్టన్ కోర్టు అనుమతి గానీ తీసుకోవాలి. అంతకుముందు బాధితుడు దావా వేయాలి, ఏళ్ల తరబడి పోరాడాలి, గెలిచేసరికి అధికారులు ఇంకో కొత్త అడ్డంకి కనిపెట్టేవారు. ఈ సెక్షన్ నిరూపించే భారాన్ని ఆ రాష్ట్రాలు, కౌంటీల మీదికి మార్చింది. అక్షరాస్యత పరీక్షలు ఆగాయి, నమోదుకు ఫెడరల్ అధికారులు వచ్చి కూర్చున్నారు. మిసిసిపీలో నమోదైన నల్లజాతీయులు 1965లో 6.7 శాతం ఉంటే, 1967 నాటికి 59.8 శాతం అయ్యారు. సెల్మాలో 1966లోనే షెరీఫ్ క్లార్క్ ఎన్నికల్లో ఓడిపోయాడు. లాఠీ పట్టినవాడిని ఓటుతోనే దించారు.

ఇక 2013 జూన్ 25న, అదే అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో, 5-4 తేడాతో సుప్రీంకోర్టు ఆ ముందస్తు అనుమతి ఎవరికి వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని కొట్టివేసింది. దాంతో 5వ సెక్షన్ పుస్తకంలో ఉన్నా పనిచేయకుండా పోయింది. తడవడం లేదు కదా అని వానలో గొడుగు పారేసినట్టుందని న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో రాశారు. ఆ మాట సరైనదని నేను పూర్తిగా నమ్ముతాను. స్మారక సభల్లో ఈ సంగతి దాటవేసి, అంతా 1965లోనే ముగిసిపోయినట్టు మాట్లాడడం నాకు బాధ కలిగిస్తుంది.

మంజీర_చదువరి

ఆ వంతెనకు పేరున్న ఎడ్మండ్ పెట్టస్ ఎవరో చూశాను. బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో జనరల్, ఆ తర్వాత సెనేటర్. ఆ పేరును ఇంకా ఎందుకు ఉంచారు? జాన్ లూయిస్ పేరు పెట్టవచ్చు కదా?

నదిఒడ్డు

2020లో లూయిస్ మరణించాక చాలామంది అదే అడిగారమ్మా. కానీ 2015లో ఆయనే, సెల్మా నుంచి ఎన్నికైన ప్రతినిధి టెర్రీ స్యూవెల్‌తో కలిసి, పేరు మార్చవద్దని రాశారు. ఆ పేరు అలాగే ఉంటేనే ఏది ఏమైందో తెలుస్తుందని వారి ఉద్దేశం. నాకు మొదట నచ్చలేదు. మొన్న ఉక్కు కమాను మీద ఆ నల్లని అక్షరాల కిందుగా జనం నడుస్తుంటే చూశాక నచ్చింది. 2020 జూలై 26న లూయిస్ పార్థివదేహాన్ని గుర్రపు బండి మీద అదే వంతెన దాటించారు. దారిలో గులాబీ రేకులు చల్లారు. 1965లో గుర్రాలు ఆయన మీదికే వచ్చాయి.

ఎడిసన్_వాసి (న్యూజెర్సీ)

ఆలస్యంగా చేరినందుకు మన్నించండి. అమెరికాలోని తెలుగువారం ఒక సంగతి మరవకూడదు. మనలో చాలామంది ఇక్కడికి రాగలగడానికి కారణమైన వలస చట్టం మీద 1965 అక్టోబరు 3న సంతకం అయింది. అంటే ఓటింగ్ హక్కుల చట్టం తర్వాత రెండు నెలలకు, అదే కాంగ్రెస్‌లో. జాతి, పుట్టిన దేశం చూసి మనుషులను వడపోయడం తప్పని ఆ దేశం చేత ఒప్పించినది పౌరహక్కుల ఉద్యమమే. 1975 సవరణతో ఇంగ్లీషు సరిగా రానివారికి వారి భాషలో ఓటు పత్రం ఇవ్వాలన్న నియమం కూడా ఓటింగ్ హక్కుల చట్టంలోనే చేరింది. న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీలో ఓటు పత్రాలు వచ్చింది ఆ నియమం వల్లనే.

నేను పౌరసత్వం తీసుకుని మొదటిసారి ఓటు వేసినప్పుడు ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. కారు ఇంజన్ కూడా చల్లబడలేదు. ఆ ఐదు నిమిషాలకు ఎవరు వెల కట్టారో అప్పటికి నాకు తెలియదు. వియోలా లియూజో అనే డెట్రాయిట్ ఇల్లాలు, ఐదుగురు పిల్లల తల్లి, టీవీలో ఆ దృశ్యాలు చూసి ఒంటరిగా కారు నడుపుకుంటూ సెల్మా వచ్చింది. మార్చి 25 రాత్రి యాత్రికులను కారులో చేరవేస్తుండగా కు క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా మనుషులు వెంటాడి కాల్చి చంపారు. ఆవిడ పేరు మీ పిల్లలకు తప్పక చెప్పండి.

గోదారిగట్టు

పాతపలక గారి వివరణను అంగీకరిస్తున్నాను. నాగపూర్ సంగతి నాకు తెలియదు. నేను ముందు రాసిన మాటలో తొందరపాటు ఉంది.

నదిఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనలతో మా సభ రూపురేఖలు మారిపోయాయి.

మొదట వంతెన నుంచి మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడు ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పొడవాటి దరఖాస్తుతో మొదలుపెడతాము. పిల్లలు వరుసలో వచ్చి నింపుతారు. ఎంత బాగా నింపినా బల్ల వెనకున్న పెద్దాయన 'చెల్లదు' అని తిప్పి పంపుతారు. ఆ తర్వాత పంతుళ్ల నడక, తొలిపొద్దు గారి అమ్మమ్మ మాట, వంతెన. చివరగా మార్చి 21 నుంచి 25 వరకు సాగిన యాత్ర.

ఆ యాత్రలో నాకు ఇష్టమైన భాగం లౌండ్స్ కౌంటీ. అక్కడ రోడ్డు ఇరుకు కాబట్టి 300 మందికే కోర్టు అనుమతి ఇచ్చింది. వానలో, బురదలో నడిచారు. దారిలో డేవిడ్ హాల్, రోజీ స్టీల్, రాబర్ట్ గార్డ్‌నర్ అనే నల్లజాతి రైతులు తమ పొలాల్లో గుడారాలు వేసుకోనిచ్చారు. యాత్రికులు తెల్లవారి వెళ్లిపోతారు, ఆ రైతులు మాత్రం అదే ఊళ్లో, అదే షెరీఫ్ కింద బతకాలి. అయినా చోటిచ్చారు. మాంట్‌గోమరీ చేరేసరికి యాత్ర 25,000 మంది అయింది.

జిమ్మీ లీ జాక్సన్, జేమ్స్ రీబ్, వియోలా లియూజో పేర్లు పిల్లలు చదువుతారు. ఆ ఆగస్టులో లౌండ్స్ కౌంటీలోనే ఒక నల్లజాతి అమ్మాయిని పక్కకు నెట్టి తుపాకీ గుండుకు ఎదురు నిలిచి చనిపోయిన విద్యార్థి జొనాథన్ డేనియల్స్ పేరూ, ఆ ముగ్గురు రైతుల పేర్లూ చేరుస్తాము. పాతపలక గారూ, దరఖాస్తు నమూనాను పిల్లలకు అర్థమయ్యే తెలుగులో మీరు రాసిపెట్టగలరా?

పాతపలక

తప్పకుండా రాస్తాను. ఈ వారాంతానికి పంపుతాను. నాలుగు పేజీలు ఉండాలి, అక్షరాలు చిన్నవిగా ఉండాలి. పూచీ ఇచ్చేవారి సంతకానికి చివర్న ఖాళీ వదులుతాను. ఆ సంతకం ఎవరూ పెట్టలేరు కాబట్టి, దాన్ని ఖాళీగానే ఉంచి గోడకు అంటించండి.